రెండో దెబ్బ: తిరగబడిన ఒక పిల్లవాడి కేసు

పన్నెండేళ్ల అబ్బాయి. తనకంటే రెండేళ్లు పెద్దవాడైన ఇంకో అబ్బాయిని ఇనుప గొట్టంతో కొట్టాడని స్కూలు వాళ్లు నా దగ్గరికి పంపారు. దెబ్బలు తిన్నవాడికి ఎడమ ముంజేయి విరిగింది, చెవి పైన కుట్లు పడ్డాయి. రిఫరల్ కాగితంలో రెండు ప్రశ్నలున్నాయి: ఈ అబ్బాయికి ప్రవర్తనా రుగ్మత ఉందా? మళ్లీ క్లాసులో కూర్చోబెడితే మిగతా పిల్లలకు క్షేమమేనా? కాగితం అడుగున, వేరే ఇంకుతో, "గతంలో ఇతణ్ణి కొందరు ఏడిపించేవారని తల్లి అంటున్నారు" అని ఒక్క వాక్యం ఉంది.

పిల్లల్ని గుర్తుపట్టే వీలున్న వివరాలన్నీ మార్చాను. పేర్లు లేవు. కొట్టినవాణ్ణి చిన్నవాడు అని, దెబ్బలు తిన్నవాణ్ణి పెద్దవాడు అని రాస్తాను. బాధితుడు, నిందితుడు అన్న మాటలు ఈ కేసులో ఎవరికీ స్థిరంగా అతకవు కాబట్టి వాటిని వాడను.

ఇలాంటి కేసులు వచ్చినప్పుడు మా కౌన్సెలర్లలో చాలామంది రెండు వైపుల్లో ఏదో ఒక వైపుకి ఒరిగిపోతాం. పాపం, ఎన్నాళ్లు భరించాడో అని చేసిన పనిని చెరిపేస్తాం. లేదా చేసిన పని ఒక్కటే చూసి, దాని వెనకున్న నెలల్ని చెరిపేస్తాం. నా అభిప్రాయం ఇది: తిరగబడిన పిల్లవాణ్ణి బాధ్యత అడగాల్సిందే, కానీ అతనికి కాస్త భద్రత చూపించాక. ఆ క్రమం తప్పితే ఏ కౌన్సెలింగూ లోపలికి దిగదు. ఈ కేసంతా ఆ క్రమం గురించే.

ముందు జరిగినవి

ఆ కుటుంబం అంతకు ఏడాది ముందు ఆ క్వార్టర్స్‌కి మారింది. నాలుగంతస్తుల భవనాలు, ఒక్కోదానికి ఒకటే మెట్లదారి, మెట్ల మీద బల్బులు ఉండవు. పెట్టిన బల్బు రెండు రోజులు నిలవదు. సాయంత్రమైతే మెట్లు కుర్రాళ్లవి. పెద్దవాళ్లు తలుపులేసుకుంటారు. గొడవ పెద్దదైతేనే పోలీసులు వస్తారు, వచ్చినా ఎవరూ ఏమీ చూడలేదంటారు. చెడ్డవాళ్లు కాబట్టి కాదు. రేపు మళ్లీ అవే మెట్లెక్కాలి కాబట్టి.

చిన్నవాడి తండ్రి ఒకప్పుడు కొంతకాలం జైల్లో ఉన్నాడు. ఆ సంగతి వారం తిరక్కుండానే బయటికి పొక్కింది. "జైలోడి కొడుకు" అన్నది కొన్నాళ్లకి "జైలోడు" అయింది. తర్వాత బ్యాగు లాక్కుని కింది అంతస్తులోకి విసరడం. తర్వాత ఒక రివాజు పెట్టారు: పెద్దవాడూ అతని ఇద్దరు స్నేహితులూ రెండో అంతస్తు మలుపులో కూర్చుంటారు. చిన్నవాడు చేతులు కట్టుకుని నిలబడి, "అన్నా, వెళ్లనా?" అని అడగాలి. వాళ్లకు బుద్ధి పుట్టినప్పుడు "ఊఁ" అంటారు. ఒక్కోసారి అర్ధగంట అనరు. మేడ మీద ఇల్లు, కింద బాత్రూమ్ లేదు. ఒకరోజు అక్కడే నిక్కరు తడుపుకున్నాడు. మూత్రం పోసుకున్న సంగతి నాకు అతను చెప్పలేదు, వాళ్లమ్మ చెప్పింది.

స్వీడన్, నార్వేల్లో 1970ల నుంచి ఈ విషయం మీద పనిచేసిన డాన్ ఓల్వియస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బుల్లీయింగ్‌కి మూడు గుర్తులు చెప్పాడు: కావాలని బాధపెట్టడం, మళ్లీ మళ్లీ చేయడం, ఇద్దరి బలంలో తేడా ఉండటం. స్కూలు రిజిస్టర్‌లో ఈ ఇద్దరి మధ్య జరిగినవన్నీ "పిల్లల గొడవలు" అని నమోదయ్యాయి. గొడవకు ఇద్దరు కావాలి. ఇక్కడ అర్ధగంట సేపు ఒకడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు, ముగ్గురు కూర్చుని నవ్వారు.

అతను చెప్పుకోలేదా అంటే, చెప్పుకున్నాడు. క్లాస్ టీచర్‌తో చెబితే, "ముందు నువ్వేమన్నావో అది చెప్పు" అన్నారు. తండ్రితో చెబితే, "ఏడుస్తూ ఇంటికి రాకు. ఒక్కసారి గట్టిగా ఇచ్చుకో, మళ్లీ నీ జోలికి రాడు" అన్నాడు. తల్లి కొన్నాళ్లు తనే కిందకి వెళ్లి తీసుకొచ్చేది. పని వేళలు మారాక కుదరలేదు. ఇంకెవరు మిగిలారు?

చివరికి ఒక సాయంత్రం వాళ్లు అతని నిక్కరు లాగేసి ఫోన్‌లో వీడియో తీశారు. మర్నాడు స్కూల్లో అది చూడనివాడు లేడు. ఆ మర్నాడు కొట్టాడు.

ఎలా కొట్టాడన్నది ఈ కేసుకు ముఖ్యం. ముందు రోజు రాత్రే గొట్టం ముక్క తెచ్చి మెట్ల కింద దాచాడు. పెద్దవాడు ఒంటరిగా వచ్చే వేళ చూసుకున్నాడు. అతను చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఫోన్ చూసుకుంటూ ఎక్కుతుంటే వెనక నుంచి కొట్టాడు. మొదటి దెబ్బకే పడిపోయాడు. పడ్డవాడు తలకు చెయ్యి అడ్డం పెట్టుకుంటే రెండో దెబ్బ ఆ చేతి మీద పడింది. మూడోది వీపు మీద. పక్కింటాయన వచ్చి లాగేశాడు.

చిన్నవాడు అందరితో ఒకటే చెప్పాడు: "వాడే ముందు కొట్టాడు." ఇద్దరు ఇరుగుపొరుగు వాళ్లు కూడా అదే చెప్పారు. వాళ్లు చూడలేదు, కానీ ఆ కుర్రాడు పడ్డ బాధ వాళ్లకు తెలుసు, ఇన్నాళ్లూ తలుపు తియ్యలేదన్న గుబులు కూడా ఉండి ఉంటుంది. పోలీసులు మందలించి వదిలారు, వైద్యం ఖర్చు తండ్రి కొంత పెట్టుకున్నాడు. స్కూలు కొన్నాళ్లు రావద్దంది.

బస్తీ మాత్రం అతన్ని భుజాన ఎక్కించుకుంది. "మొగాడివిరా" అన్నారు. జైలోడన్న పేరు ఒక్క రోజులో మాయమైంది. అంతకుముందు కన్నెత్తి చూడని కుర్రాళ్లు పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు.

రెండోసారి వచ్చినప్పుడు తల్లి, కొడుకుని బయట కూర్చోమని చెప్పి, గొంతు తగ్గించి ఒక సంగతి చెప్పింది. మూడో అంతస్తులో మూడో తరగతి చదివే పిల్లవాడు ఒకడున్నాడు. ఆవిడ పని నుంచి వస్తూ చూసింది. అదే మలుపులో ఆ పసివాడు చేతులు కట్టుకుని నిలబడి, "అన్నా, వెళ్లనా?" అంటున్నాడు. మెట్టు మీద కూర్చున్నది తన కొడుకు.

"నాకు కాళ్లు ఆడలేదు మేడమ్. వాడు నన్ను చూసి లేచి, ఏమీ లేనట్టు బ్యాగు పట్టుకున్నాడు."

రిఫరల్ కాగితంలో లేని ఈ సంగతే నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టింది.

నేను చూసింది

స్కూలు అడిగిన మొదటి ప్రశ్నకు జవాబు త్వరగానే తేలింది. మానసిక రుగ్మతల నిర్ధారణకు వాడే అమెరికన్ మాన్యువల్ డీఎస్ఎమ్-5 ప్రకారం ప్రవర్తనా రుగ్మత అనాలంటే గత పన్నెండు నెలల్లో 15 లక్షణాల్లో కనీసం మూడు కనిపించాలి, అందులో కనీసం ఒకటి గత ఆరు నెలల్లో. ఆయుధంతో కొట్టడం ఒక లక్షణం. పసివాణ్ణి బెదిరించడం ఇంకొకటి. మూడోది దొరకలేదు. దొరికినా నేను తొందరపడేదాన్ని కాదు. ప్రమాదం నిండిన వాతావరణంలో బతికే పిల్లల మీద ఈ ముద్ర పొరపాటున పడిపోయే అవకాశం ఉందనీ, పరిసరాలు చూసే నిర్ణయించమనీ ఆ మాన్యువల్లోనే హెచ్చరిక ఉంది. సంఖ్యలు లెక్కబెట్టి కాగితం నింపేవాళ్లు ఆ హెచ్చరిక దాకా వెళ్లరు, నాకు బాధగా ఉండేది అదే. పన్నెండేళ్ల వయసులో ఫైలు మీద పడ్డ మాట పద్దెనిమిదేళ్ల దాకా అతనికంటే ముందు గదిలోకి నడుస్తుంది.

పొద్దున్నే కడుపునొప్పి, స్కూలుకి వెళ్లనని మొండికేయడం, రాత్రి రెండు మూడుసార్లు లేచి తలుపు గడియ చూడటం, వెనక అడుగుల చప్పుడైతే ఒళ్లు బిగుసుకోవడం. ఇవన్నీ కొట్టడానికి ముందు నుంచీ ఉన్నవే, కొట్టిన తర్వాత ఏ ఒక్కటీ తగ్గలేదు. చచ్చిపోవాలనిపించిందా అని నేను సూటిగానే అడుగుతాను, అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. వీడియో వచ్చిన రాత్రి అనిపించిందన్నాడు. ఇప్పుడు లేదన్నాడు. ఆ వీడియో ఎవరి ఫోన్లలో ఇంకా ఉందో, అది మళ్లీ బయటికొస్తే ఎవరికి చెప్పాలో తల్లితోనూ స్కూలుతోనూ ఆ వారమే కూర్చుని తేల్చుకున్నాం.

మాటల్లో చెప్పలేనిది కాగితం మీద పెట్టమన్నాను. "ఇంటి నుంచి స్కూలుకి దారి గీయి నాన్నా" అన్నాను. దారి గీయలేదు, మెట్లు గీశాడు. ఒక్కో అంతస్తుకు ఎన్ని మెట్లో అంకెలేశాడు. ఏ తలుపు సాయంత్రం తెరిచి ఉంటుందో చిన్న గీత పెట్టాడు, అలాంటివి రెండే ఉన్నాయి. రెండో అంతస్తు మలుపు దగ్గర పెన్సిలు ఎంత గట్టిగా నొక్కాడంటే కాగితం చిరిగింది. స్కూలు బొమ్మ ఆ పేజీలో లేనే లేదు.

ఎదుటివాళ్ల ఉద్దేశం ఎలా చదువుతాడో తెలుసుకోవడానికి చిన్న కథలు చెప్పాను: క్లాసులో ఒకడి మోచెయ్యి తగిలి నీ నీళ్ల సీసా పడిపోయింది, ఎందుకు తగిలింది? కథ ఏదైనా జవాబు ఒకటే: "కావాలనే." 1980లో కెన్నెత్ డాడ్జ్ ప్రచురించిన ఒక ప్రయోగంలో ఇదే కనిపించింది. తాము పేరుస్తున్న బొమ్మను ఇంకో పిల్లవాడు చెడగొట్టినప్పుడు, కావాలని చేశాడో పొరపాటో తేలని సందర్భాల్లో, దూకుడుగా ఉండే పిల్లలు కావాలనే చేశాడని అనుకుని స్పందించారు. అయితే ఈ అబ్బాయి విషయంలో ఒకటి గమనించాలి. మెట్ల మీద అతని అంచనా తప్పు కాదు. అక్కడ నిజంగానే కావాలని చేసేవారు. ఆ అంచనాను మడతపెట్టకుండా క్లాసులోకీ, ఆటలోకీ, మూడో తరగతి పసివాడి మీదకీ తీసుకెళ్లడమే చిక్కు. అందుకని "నువ్వు తప్పుగా ఆలోచిస్తున్నావు" అని నేను ఎప్పుడూ అనలేదు. "ఇది మెట్ల మీదా, క్లాసులోనా?" అని అడిగేదాన్ని. ఆ ప్రశ్న తర్వాత్తర్వాత తనకు తానే వేసుకోవడం మొదలుపెట్టాడు.

ఏడిపించబడటం, ఏడిపించడం రెండూ ఒకే పిల్లవాడిలో కలిసినప్పుడు ముప్పు ఎక్కువని చాలా అధ్యయనాలు చెబుతున్నాయి. అమెరికాలో 1,420 మంది పిల్లల్ని చిన్నప్పటి నుంచి ఇరవైల వయసు దాకా గమనించిన విలియం కోప్‌లాండ్, డైటర్ వోల్కే బృందం 2013లో ఫలితాలు ప్రచురించింది. పెద్దయ్యాక డిప్రెషన్, పానిక్ లాంటి సమస్యలు ఎక్కువగా కనిపించింది ఈ రెండు వైపులా ఉన్న పిల్లల్లోనే. తల్లి చెప్పిన ఆ మెట్ల దృశ్యాన్ని నేను తేలిగ్గా తీసుకోకపోవడానికి కారణం ఇది.

తండ్రితో

తండ్రి మొదట రానన్నాడు. వచ్చాక ఎదురుగా కూర్చోకుండా, తలుపు దగ్గరే నిలబడి మాట్లాడాడు.

"మీరు ఆ మెట్ల మీద ఉండరు మేడమ్. కొట్టొద్దని చెప్పి పోతారు. రేపు వాణ్ణి నలుగురు కలిసి కొడితే మీరొస్తారా? నేను చెప్పినందుకే వాడు ఇవాళ తలెత్తుకుని తిరుగుతున్నాడు."

ఈ మాటకు జవాబు లేని కౌన్సెలర్ అతని కొడుకుతో పనిచేయలేడు. ఎలైజా ఆండర్సన్ అనే సామాజిక శాస్త్రవేత్త ఫిలడెల్ఫియాలోని పేద వాడల్లో ఏళ్ల తరబడి తిరిగి 1999లో వెలువరించిన పరిశీలనలో ఇలాంటి తండ్రులు కనిపిస్తారు. గొడవలంటే గిట్టని, పద్ధతిగా బతికే తల్లిదండ్రులు కూడా పిల్లలకు వీధి నియమాలు నేర్పుతారు. వాటి మీద నమ్మకంతో కాదు. ఆపదలో పోలీసులు గానీ మరొకరు గానీ రారన్న అనుభవంతో. ఈ తండ్రి చెప్పింది కూడా అదే. అతన్ని హింసను ప్రోత్సహించే తండ్రి అని రాసుకుని పక్కన పెట్టడం తేలిక. తన దగ్గరున్న ఒకే ఒక్క రక్షణను కొడుక్కి ఇచ్చిన మనిషి అతను.

నేను వాదించలేదు. ఒకటే అడిగాను: "ఇప్పుడు రాత్రిపూట తలుపు గడియ చూడటం మానేశాడా?" చాలాసేపు మాట్లాడలేదు. మానలేదని అతనికీ తెలుసు. తర్వాత మూడో తరగతి పిల్లవాడి సంగతి చెప్పాను. భార్య అతనికి ఆ మాట చెప్పలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "చేతులు కట్టించాడా?" అని రెండుసార్లు అడిగాడు. జైల్లో ఎవరి ముందు ఎలా నిలబడాలో తనకు ఎవరు నేర్పారో చెప్పాడు. ఆ మాటలు ఇక్కడ రాయను. ఆ రోజు నుంచి అతను నాతో కలిసి పనిచేశాడు.

ముందు మెట్లు

చిన్నవాడితో "నువ్వు చేసిందేమిటి" అన్న సంభాషణకు కూర్చోక ముందు, మెట్ల సంగతి చూడాల్సి వచ్చింది. ఏ సాయంత్రమైనా ముగ్గురు కలిసి పగ తీర్చుకుంటారని భయపడే పిల్లవాణ్ణి, ఆయుధం పట్టడం తప్పని ఒప్పించాలనుకోవడం అన్యాయం. అది ఒప్పుకుంటే అతను నిరాయుధుడవుతాడు, అంతే.

అతను గీసిన బొమ్మలోని రెండు తెరిచిన తలుపుల దగ్గరికి తల్లితో కలిసి వెళ్లాను. ఒకటి కుట్టుపని చేసుకునే పెద్దావిడది. ఆవిడను పెద్ద సాయమేమీ అడగలేదు. స్కూలు వదిలే వేళ కుట్టు మెషిన్ గుమ్మం దగ్గరికి జరుపుకోమన్నాం. ఆవిడ జరిపింది. పైగా పిల్లలు వెళ్తుంటే ఒక్కొక్కణ్ణి పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టింది, అది మేం అడగలేదు. బల్బు ఆవిడ ఇంటి మీటరు నుంచి లాగితే ఎవరూ పగలగొట్టలేదు. ఆవిడ బల్బు కదా.

రాబర్ట్ శాంప్సన్ బృందం షికాగోలోని 343 ప్రాంతాల్లో 8,782 మందిని అడిగి 1997లో రాసిన పరిశోధన ఇక్కడ గుర్తొస్తుంది. మీ వీధిలో పిల్లలు స్కూలెగ్గొట్టి తిరుగుతుంటే పొరుగువాళ్లు పట్టించుకుంటారా, మీ ఇంటి ముందు కొట్టుకుంటుంటే ఎవరైనా అడ్డుపడతారా, ఇలాంటి ప్రశ్నలు. అవునన్న చోట్ల, పేదరికం లాంటివి లెక్కలోకి తీసుకున్నాక కూడా, హింస తక్కువగా ఉంది. ఆ క్వార్టర్స్ వాళ్లకు పట్టింపు లేదని స్కూలు అనేది. ఒక తలుపు తెరుచుకున్నాక రెండోది, మూడోది తెరుచుకోవడం నేను చూశాను. ముందు తెరిచేవాళ్లు ఒకరు దొరకాలి, వాళ్లను ఎవరైనా వెళ్లి అడగాలి.

స్కూలు వైపు నుంచి రెండు జరిగాయి. పెద్దవాడి క్లాసునూ చిన్నవాడి క్లాసునూ వేర్వేరు వేళల్లో వదిలారు. వీడియో పంచుకున్న పిల్లలతో టీచర్లు విడిగా మాట్లాడారు. చూసి నవ్వినవాళ్లతో పని చేయడం అనవసరమని ఒక టీచర్ అన్నారు. టొరంటో స్కూళ్ల ఆటస్థలాల్లో కెమెరాలు పెట్టి గమనించిన హాకిన్స్, పెప్లర్, క్రెయిగ్ 2001లో రాసింది ఆయనకు చూపించాను: బుల్లీయింగ్ జరిగిన 88 శాతం సందర్భాల్లో తోటి పిల్లలు అక్కడే ఉన్నారు, 19 శాతం సందర్భాల్లోనే అడ్డుపడ్డారు. కానీ అడ్డుపడినప్పుడు సగానికి పైగా సార్లు పది సెకన్లలోపే ఆగిపోయింది. ఒక్క పిల్లవాడు "ఆపరా" అంటే చాలిన రోజులు ఈ కేసులో ఎన్నో ఉన్నాయి.

రెండో దెబ్బ

మెట్ల భయం కొంత తగ్గాక, రాత్రి నిద్ర పట్టడం మొదలయ్యాక, ఆ రోజు సంగతికి వచ్చాం. పొడవాటి కాగితం ఒకటి నేల మీద పరిచి, ముందు రోజు రాత్రి నుంచి పక్కింటాయన లాగేసిన క్షణం దాకా ఒక గీత గీశాం. ఒక్కో చోట ఏం చేశాడు, ఏమనిపించింది, ఆ క్షణంలో ఇంకేమైనా చేయగలిగేవాడా అని అడుగుతూ వెళ్లాను.

గొట్టం దాచిన చోట "భయమేసింది" అన్నాడు. ఎదురుచూసిన చోట "కోపం" అన్నాడు. మొదటి దెబ్బ దగ్గర, "వాడికి కూడా తెలియాలి కదా" అన్నాడు. తర్వాత నేను వేలు జరిపి, "ఇప్పుడు వాడెక్కడున్నాడు?" అన్నాను.

"కింద."

"చేతిలో ఏముంది?"

"ఏమీ లేదు. చెయ్యి ఇట్లా పెట్టుకున్నాడు." తన చెయ్యి తల మీద అడ్డం పెట్టి చూపించాడు. చూపిస్తూ అలాగే ఆగిపోయాడు. ఆ చెయ్యి దించలేదు. "నేను కూడా ఇట్లానే పెట్టుకునేవాణ్ణి" అన్నాడు.

నేను ఏమీ అనలేదు. రెండో దెబ్బ ఎందుకు వేశావని అడగాల్సిన పని కూడా లేకపోయింది. తనే చెప్పాడు: "అప్పుడు బాగనిపించింది మేడమ్. వాడు భయపడుతుంటే బాగనిపించింది." ఏడవలేదు. చాలా నెమ్మదిగా చెప్పాడు.

ఈ ఒక్క నిజం బయటికి రావడానికే అన్ని వారాల మెట్ల పని. మొదటి దెబ్బకు వెనక చాలామంది ఉన్నారు: వీడియో తీసినవాళ్లు, "నువ్వేమన్నావు" అన్న టీచర్, ఇచ్చుకోమన్న తండ్రి, తలుపులేసుకున్న పొరుగువాళ్లు. అందులో కూడా అతని వాటా ఉంది. రాత్రంతా ఆలోచించుకుని చేసిన పని అది, అప్పటికప్పుడు ప్రాణం కాపాడుకోవడం కాదు. కానీ రెండో దెబ్బ పూర్తిగా అతనిది. పడిపోయి, చెయ్యి అడ్డం పెట్టుకున్న మనిషి మీద పడ్డ దెబ్బ. మెట్ల మీద పసివాడి చేత చేతులు కట్టించింది కూడా ఆ "బాగనిపించడమే" అని అతనే గీత చివర ఇంకో గీత పొడిగించి చూపించాడు.

1957లో గ్రెషామ్ సైక్స్, డేవిడ్ మాట్జా అనే సామాజిక శాస్త్రవేత్తలు, తప్పు చేసిన కుర్రాళ్లు తమకు తాము చెప్పుకునే సమర్థనలను అయిదు రకాలుగా విడదీశారు: నా చేతుల్లో లేదు, ఎవరికీ ఏమీ కాలేదు, వాడికి తగిన శాస్తే జరిగింది, మీరేమైనా తక్కువా, మావాళ్ల కోసం చేశాను. చిన్నవాడి నోట వీటిలో మూడు విన్నాను. ఆ తర్వాత పెద్దవాడితో మాట్లాడితే అతని నోటా అవే వచ్చాయి, కొన్ని అక్షరం పొల్లు పోకుండా.

పెద్దవాడు

పెద్దవాడి తల్లి ఒకే ఒక్కసారి తీసుకొచ్చింది. కట్టు ఉన్న చేతిని ఒళ్లో పెట్టుకుని, "సరదాకి అన్నాం, వాడు సీరియస్‌గా తీసుకున్నాడు" అన్నాడు. నిక్కరు లాగిన సంగతి అడిగితే, "అందరూ చేస్తారు." నీకెవరైనా చేశారా అంటే ముఖం పక్కకు తిప్పుకున్నాడు. కట్టు కట్టని చేతి మీద పాత మచ్చలున్నాయి, గుండ్రంగా, ఒకే సైజులో. ఎవరు చేశారో చెప్పలేదు, తల్లి వైపు చూశాడు. ఆవిడ నేల చూసింది. అలాంటివి చూసినప్పుడు పిల్లల రక్షణ అధికారులకు తెలియజేయడం నా విధి, తెలియజేశాను. ఆ తర్వాత వాళ్లు నా దగ్గరికి రాలేదు.

ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి రాజీ చేయమని స్కూలు అడిగింది. నేను ఒప్పుకోలేదు. రాజీ అనేది సమానుల మధ్య తగువుకు పనికొస్తుంది. నెలల తరబడి ఒకడి కాళ్ల దగ్గర ఇంకొకడు నిలబడ్డ చోట, "ఇద్దరిదీ తప్పే, చేతులు కలుపుకోండి" అంటే, ఏడిపించినవాడికి అది గెలుపు. ఇక్కడ ఆపైన రెండో చిక్కు కూడా ఉంది: పెద్దవాడికి ఇప్పుడు చిన్నవాడంటే నిజంగా భయం.

అబద్ధం వెనక్కి

చిన్నవాడు ఏం చేస్తే బాధ్యత తీసుకున్నట్టు? క్షమాపణ ఉత్తరం రాయించడం అందరికీ తట్టేది. పిల్లలు వాటిని హోంవర్క్‌లా రాసేస్తారు. ఏం సరిచేయాలనుకుంటున్నావని అతన్నే అడిగాను. తర్వాతిసారి వచ్చి రెండు చెప్పాడు.

మొదటిది, మూడో తరగతి పిల్లవాడు. వాళ్లింటికి తల్లితో కలిసి వెళ్లి, ఆ పిల్లవాడి అమ్మ ముందే, "నేను నీతో చేతులు కట్టించాను. అది తప్పు. ఇంకెప్పుడూ అడగక్కర్లేదు, నువ్వు వెళ్లిపో" అన్నాడట. ఆ పసివాడు మర్నాడు కూడా మలుపు దగ్గర ఆగి అతని ముఖం చూశాడట. చిన్నవాడు లేచి పక్కకు జరిగాడు. ఇలా చాలా రోజులు జరగాల్సి వచ్చింది. ఒక్క మాటతో పోయే భయం కాదది.

రెండోది నేను ఊహించలేదు. "వాడే ముందు కొట్టాడని చెప్పాను కదా, అది అబద్ధమని స్కూల్లో చెప్తాను" అన్నాడు. తండ్రి భయపడ్డాడు, పోలీసులు మళ్లీ వస్తారేమోనని. ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక (1989) నలభయ్యో అధికరణం, నేరం చేశాడన్న పిల్లవాణ్ణి కూడా అతని గౌరవం నిలిచేలా, తిరిగి సమాజంలో కలిసేలా చూడమంటుంది. ఆ ఒడంబడిక అమలును చూసే కమిటీ 2019లో నేర బాధ్యత వయసు కనీసం 14 ఏళ్లు ఉండాలని దేశాలను కోరింది. ఇవన్నీ తండ్రికి వివరించాను, న్యాయ సలహా కూడా ఇప్పించాను. పన్నెండేళ్ల పిల్లవాడికి జైలు శిక్ష లేకపోవడం వేరు, నిజం చెప్పే బాధ్యత ఉండటం వేరు. అబ్బాయికి ఈ తేడా తండ్రికంటే ముందే అర్థమైంది.

ప్రిన్సిపల్ గదిలో నిలబడి చెప్పాడు: ఆ రోజు వాడు నన్ను ముట్టుకోలేదు, నేనే దాక్కుని కొట్టాను, పడ్డాక కూడా కొట్టాను. నేను ముందే ప్రిన్సిపల్‌తో మాట్లాడి ఒక హామీ తీసుకున్నాను: అతను ఒప్పుకున్నదాన్ని ఒక్కదాన్నే రాయకూడదు, అంతకు ముందు అతను టీచర్‌తో చెప్పుకున్న తేదీలూ, వాళ్లిచ్చిన జవాబులూ అదే కాగితంలో ఉండాలి. ఉన్నాయి. ఆ క్లాస్ టీచర్ లేచి, "నేను అప్పుడు సరిగ్గా వినలేదు" అన్నారు. ఎవరూ అడక్కుండానే అన్నారు.

ఇప్పటి పరిస్థితి

చిన్నవాడు తిరిగి స్కూలుకి వెళ్తున్నాడు. బస్తీలో అతనికి దక్కిన కొత్త గౌరవం చాలావరకు పోయింది. నిజం ఒప్పుకున్నాడని తెలిశాక "పిరికోడు" అన్నవాళ్లున్నారు. పెద్దవాడి స్నేహితుల్లో ఒకడు రెండుసార్లు దారి అడ్డగించాడు. రెండుసార్లూ కుట్టుపని ఆవిడ గుమ్మంలోకి వెళ్లి నిలబడ్డాడు. కొట్టలేదు. చీకటి పడితే ఒంటరిగా మెట్లెక్కడం మాత్రం ఇప్పటికీ లేదు, తండ్రి కిందకి దిగి తీసుకెళ్తాడు. గడియ చూడటం అప్పుడప్పుడూ ఉంది.

పెద్దవాడికి చిన్నవాడు చెప్పాలనుకున్న క్షమాపణ ఇంకా అందలేదు. అతని కుటుంబం ఆ క్వార్టర్స్ ఖాళీ చేసింది. వెళ్లే ముందు వీడియో అందరి ఫోన్ల నుంచి తీసేయించింది అతనేనని ఒక పిల్లవాడు నాతో చెప్పాడు. నిజమో కాదో నేను నిర్ధారించుకోలేకపోయాను. కొత్త స్కూలు కౌన్సెలర్‌కు, అక్కడి పిల్లల రక్షణ అధికారులకు అతని గురించి రాశాను. "ఏడిపించేవాడు" అన్న మాట ఆ ఉత్తరంలో ఎక్కడా లేదు. చేతి మీది మచ్చల గురించి, ఎవరూ కొట్టని చోట కాసేపు కూర్చోబెట్టి వినమని రాశాను. జవాబు కోసం చూస్తున్నాను. ఈ కేసు ఫైలు అప్పటిదాకా తెరిచే ఉంటుంది.